ఉదయగిరి ఆఖరి బస్సు రాలా: మన ఊళ్ళో పావుగంట సంగీత నాటకం కట్టడం ఎట్టా

పోయిన వేసవిలో మేం ఆరుగురం కలిసి కోవూరు దగ్గర ఒక మిద్దె మీద పావుగంట సంగీత నాటకం వేశాం. హార్మోనియం లేదు, పద్యం లేదు, కథ అని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఉన్నదల్లా నాలుగు గొంతులు, ఉదయగిరి చెక్క స్పూన్లు, రెండు పలకలు, పిడికెడు పెన్నా ఇసుక, ఒకే ఒక్క వాక్యం. చూసినవాళ్ళు తర్వాత మమ్మల్ని పట్టుకుని అడిగింది ఒకటే, ఇది ఎట్టా కట్టారు, మేమూ కట్టగలమా అని. కట్టగలరు. సంగీతం నేర్చుకోని వాళ్ళు కూడా కట్టగలరు, కానీ లెక్క తప్పకూడదు. ఎట్టాగో మొదటినుంచీ రాస్తున్నా.

మేం ఈ పద్ధతి నేర్చుకున్నది జార్జ్ అపెర్గిస్ అనే గ్రీకు సంగీతకర్త దగ్గర. దగ్గర అంటే ఆయన రికార్డింగులు వినీ, వీడియోలు చూసీ. ఆయన 1945లో ఏథెన్స్‌లో పుట్టాడు, తండ్రి శిల్పి, తల్లి చిత్రకారిణి. 1963లో పారిస్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. 1976లో పారిస్ పక్కన బాన్యొలే అనే శివారు ఊళ్ళో సంగీతకారుల్నీ నటుల్నీ ఒకచోట కూర్చోబెట్టి ఆతెమ్ అనే నాటక సంగీత కార్యశాల పెట్టాడు. అక్కడ వాళ్ళు పెట్టుకున్న పద్ధతి ఏంటంటే పాట, వాయిద్యం, మాట, చేతి కదలిక, దీపం, వీటిలో ఏదీ ఇంకోదానికి నౌకరు కాదు. వాయించేవాడు మాట్లాడతాడు, మాట్లాడేవాడు వాయిస్తాడు. రోజువారీ బతుకులో వినబడే మాటల్నీ, జరిగే చిన్నచిన్న సంగతుల్నీ తీసుకుని వాటితోనే కడతారు. ఆయనకు 2015లో వెనిస్ బియెనాలె అనే కళా ఉత్సవం వాళ్ళు బంగారు సింహం పురస్కారం ఇచ్చారు, 2021లో జర్మనీ వాళ్ళ సీమెన్స్ సంగీత పురస్కారం వచ్చింది. ఇవి చెప్పడం ఎందుకంటే, మీ ఇంట్లో పెద్దవాళ్ళు "ఇదేం సంగీతం రా" అన్నప్పుడు ఆ ఒక్క ముక్క చాలా పనికొస్తుంది, మాకు పనికొచ్చింది.

మొదలుపెట్టేముందు ఆయనవి మూడు వినండి. మొదటిది ‘రెసితాసియోన్’, 1977-78లో రాసింది, ఒక్క ఆడగొంతు కోసం 14 ముక్కలు. తోడు వాయిద్యం ఏదీ ఉండదు. కొన్ని ముక్కల్ని కాగితం మీద త్రికోణంలా రాశాడు, మొదటి వరసలో చిన్న తునక, తర్వాతి వరసలో దానికి ఇంకోటి అంటించి, ఆ తర్వాత మరోటి, అలా వరస వరసకీ పెరుగుతూ పోతుంది. ఫ్రెంచి రాకపోయినా ఏం ఫర్వాలేదు, అర్థం తెలియకపోవడమే మంచిది, ఎందుకంటే అప్పుడే మనకు మాట లోపల ఉన్న శబ్దం వినబడుతుంది. రెండోది ‘లె కోర్ ఆ కోర్’, 1978. ఒకే మనిషి జర్బ్ అనే ఇరాన్ డోలు వాయిస్తూ, వాయిస్తూనే మాట్లాడతాడు, కాసేపటికి గొంతు డోలుని తరుముతోందా డోలు గొంతుని తరుముతోందా తెలియదు. డప్పు దరువుల్ని నోటితో పలికే వాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది. మూడోది ‘మషినాసియోన్’, 2000. నలుగురు ఆడవాళ్ళు బల్లల ముందు కూర్చుని చిన్న చిన్న వస్తువుల్ని చేతులతో కదుపుతుంటారు, పైనున్న కెమెరా ఆ చేతుల్ని తెర మీద పెద్దవి చేసి చూపిస్తుంది. ఇది చూస్తే స్టేజీ నిండా పరుగులు పెట్టక్కర్లేదని తెలుస్తుంది.

ఇది మనకు పూర్తిగా పరాయిదని అనుకోవద్దు. బుర్రకథలో కథకుడు తంబురా మీటుతూ, చేతి అందెలు మోగిస్తూ, అడుగులేస్తూ, కథ చెబుతూ, మధ్యలో పాడతాడు, అన్నీ ఒక్క మనిషే. వంతలు గుమ్మెట వాయిస్తూనే ప్రశ్నలు వేస్తారు. తోలుబొమ్మలాటలో యుద్ధం వచ్చినప్పుడు తెర వెనక చెక్కపలకల మీద కాళ్ళతో తొక్కి చప్పుడు పుట్టిస్తారు, అక్కడ ఆ చప్పుడే యుద్ధం. తేడా ఎక్కడంటే మన రూపాల్లో కథ ముందు నడుస్తుంది, శబ్దం దాని వెనక వస్తుంది. ఇక్కడ శబ్దమే ముందు నడవాలి. నేను పరిషత్తు నాటకాల్లో చాలా ఏళ్ళు వేషాలు వేశాను, అక్కడ మొదట ఇతివృత్తం, తర్వాత సంభాషణ, ఆఖర్న ఎవరో ఒకరు కీబోర్డు తెచ్చి బాధ వచ్చినచోట బాధ ట్యూను వేస్తారు. ఆ అలవాటు వదలడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది.

ఇప్పుడు పని. ముందు వారం రోజులు ఏమీ రాయొద్దు, వినండి. ఫోన్ రికార్డర్ పెట్టుకుని ఒకే చోటికి, వేరే వేరే వేళల్లో పోండి. మేం నెల్లూరులో ఆత్మకూరు బస్టాండ్ ఎంచుకున్నాం. మీరు చేపల మార్కెట్ ఎంచుకోవచ్చు, పాటూరులో మగ్గాల ఇంటి వరండా ఎంచుకోవచ్చు, సముద్రం వైపు రొయ్యల గుంటల దగ్గర నీళ్ళలోకి గాలి కలుపుతూ రాత్రంతా తిరిగే ఏరేటర్ల చప్పుడు ఒక్కటే ఒక నాటకానికి సరిపోతుంది. చీమకుర్తి వైపు వాళ్ళకి గ్రానైట్ కోసే రంపం ఉంది. కానీ ఒకటే చోటు. పది చోట్ల చప్పుళ్ళు కలిపితే చివరికి ఎక్కడివీ కాకుండా పోతాయి. మనుషుల మాటల్ని రికార్డు చేసి యథాతథంగా వాడొద్దు, అది వాళ్ళ సొంతం. మాట తీరు, దాని వేగం, ఎక్కడ గొంతు లేస్తుంది, అంతవరకే తీసుకోండి.

ఆ రికార్డింగుల్లో మాకు మూడు దొరికాయి. కండక్టర్ ఊళ్ళ పేర్లు ఒకదాని మీద ఒకటి పడేలా పిలిచే తీరు. బస్సు పక్కన రేకు మీద రెండు చరుపులు, "రైట్ రైట్", మళ్ళీ "హోల్డాన్". ఇంకా, ఒక ముసలామె గొంతు, ఎవరినో కాదు, గాలిని అడిగినట్టు, రాలా, రాలా అంటా ఉంది. రాలేదు అని కాదు, మన నెల్లూరు వైపు అనే "రాలా". అదే మా నాటకం.

వాక్యం ఎంచుకోవడం మీద ఎక్కువ టైం పెట్టండి, మిగతా అంతా దాని మీదే నిలబడుతుంది. అపెర్గిస్ త్రికోణాన్ని తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు మనకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. తెలుగులో క్రియ చివర్న వస్తుంది. కాబట్టి చివరి మాటతో మొదలుపెట్టి ఎడమవైపు ఒక్కో మాట చేర్చుకుంటూ పోతే ప్రతి వరసా పూర్తి వాక్యమే అవుతుంది, ప్రతి వరసలో అర్థం మారుతుంది. మాది ఇలా వచ్చింది.

రాలా
బస్సు రాలా
ఆఖరి బస్సు రాలా
ఉదయగిరి ఆఖరి బస్సు రాలా
మా నాయనెక్కిన ఉదయగిరి ఆఖరి బస్సు రాలా
నిన్న మా నాయనెక్కిన ఉదయగిరి ఆఖరి బస్సు రాలా

మొదటి వరసలో ఎవరు రాలేదో తెలియదు. మూడో వరసకి రాత్రి అయింది. అయిదో వరసలో ఒక నాయన వచ్చాడు. ఆరో వరసలో "నిన్న" అన్న ఒక్క మాటతో వినేవాళ్ళ ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే ఇంతసేపూ ఇదేదో ఇవాళ్టి విసుగు అనుకున్నారు కదా. దీనికి కథ రాయాల్సిన పని లేదు, నటి ఏడవాల్సిన పని అంతకన్నా లేదు. మాటల వరసే ఆ పని చేస్తుంది.

తర్వాత మాత్రలు లెక్కపెట్టండి. హ్రస్వం ఒకటి, దీర్ఘం రెండు, ఒత్తక్షరం ముందున్న అక్షరం రెండు, బళ్ళో గురువు లఘువు నేర్పినప్పటి లెక్కే. మా వరసలకి 4, 7, 11, 16, 25, 28 వచ్చాయి. కింద చెక్క స్పూన్లతో ఒకరు నాలుగు మాత్రలకి ఒక దెబ్బ చొప్పున ఆపకుండా కొడుతుంటారు. ఇప్పుడు చూడండి, మొదటి వరస నాలుగులో సరిగ్గా పడింది. రెండో వరస 7, ఎనిమిదికి ఒకటి తక్కువ. మూడోది 11, పన్నెండుకి ఒకటి తక్కువ. అంటే ఆ రెండు వరసల చివర ఒక్క మాత్ర ఖాళీ మిగులుతుంది, అక్కడ ఊపిరి తీసుకోవాలి, వినబడేలా తీసుకోవాలి, ఆ ఊపిరి కూడా సంగీతమే. నాలుగోది 16, మళ్ళీ సరిపోయింది, హాయిగా ఉంటుంది. అయిదోది 25, ఇరవై నాలుగు దాటి ఒక మాత్ర బయటికి పొడుచుకొస్తుంది. "లా" చివరి సగం తర్వాతి దెబ్బ మీద పడి కొట్టుకుంటుంది. నాయన మాట వచ్చిన వరసలోనే లెక్క తప్పినట్టు వినబడుతుంది. ఆరోది 28, నాలుగు ఏడులు ఇరవై ఎనిమిది, చక్కగా కుదిరిపోతుంది, ఆ కుదరడమే భయంగా ఉంటుంది. ఇది మేం ప్లాన్ చేసింది కాదు, లెక్కపెట్టాక తెలిసింది. అందుకే మీ వాక్యం రాసుకోగానే పాడటం మొదలుపెట్టకుండా ముందు లెక్కపెట్టమంటున్నా. ఎక్కడ మిగులుతుందో ఎక్కడ పొడుచుకొస్తుందో అవే మీ నాటకంలో ముఖ్యమైన చోట్లు. అన్నీ నాలుగుకి సరిపోతే ఒక మాట మార్చండి.

ఒక్కో వరసని నాలుగుసార్లు చెప్పాలి, నాలుగుసార్లూ ఒకే మాత్రలు, గొంతు మాత్రం వేరు. గుసగుస, మామూలు మాట, పిలుపు, చివరిది ఒకే స్వరం మీద పాట. 25 వరసని మాత్రం ఒక మాత్ర పొడుచుకొచ్చిన చోట నాలుగు మాత్రలు పూర్తయ్యేదాకా ఆగి మళ్ళీ ఎత్తుకోవద్దు, ఆగకుండా తర్వాతిది మొదలుపెట్టండి. అప్పుడు నాలుగోసారి ముగిసేసరికి దెబ్బా మాటా మళ్ళీ కలుసుకుంటాయి, అంతసేపూ అవి ఒకదానికొకటి దూరం జరుగుతూ ఉంటాయి.

పైకి ఎక్కడం అయింది, ఇది మొదటి భాగం. రెండో భాగం కండక్టరుది. ఉదయగిరి, ఆత్మకూరు, సంగం, బుచ్చి, నెల్లూరు అని పిలుస్తాడు. రెండోసారి నెల్లూరు వదిలేస్తాడు. మూడోసారి బుచ్చి కూడా ఉండదు. ప్రతిసారీ వదిలేసిన ఊరి చోట అన్నే మాత్రల నిశ్శబ్దం, అందులో పలక మీద బలపం గీకే చప్పుడు మాత్రమే. బస్సు ఒక్కో ఊరు ముందే ఆగిపోతోందన్నమాట, కానీ ఆ మాట ఎవరూ అనరు. చివరికి ఉదయగిరి ఒక్కటే మిగిలి, "హోల్డాన్".

మూడో భాగంలో వాక్యాన్ని అవతలి వైపు నుంచి తుంచుకుంటూ రండి. ముందు "రాలా" పోతుంది. నిన్న మా నాయనెక్కిన ఉదయగిరి ఆఖరి బస్సు. అంతే, క్రియ లేదు, వాక్యం గాల్లో వేలాడుతోంది. తర్వాత బస్సు పోతుంది, ఆఖరి పోతుంది, ఉదయగిరి పోతుంది. ఆఖర్న "నిన్న" మిగులుతుంది. రాలాతో మొదలై నిన్నతో అయిపోతుంది. ఒక్కో భాగాన్నీ మళ్ళీ మళ్ళీ తిప్పుతూ మూడూ కలిపి పావుగంట.

వస్తువుల సంగతి. ఏదీ కొనొద్దు, ఇంట్లోవి, ఊళ్ళోవి చూడండి. ఉదయగిరి చెక్క స్పూన్లు అట్లకాడ సైజువి రెండు, చిన్నవి రెండు తీసుకుంటే నాలుగు స్వరాలు వస్తాయి, బోడిచేత్తో పట్టుకుంటే మోగుతాయి, గుడ్డ చుట్టి పట్టుకుంటే మూగబోతాయి. మార్కాపురం రాతి పలక దొరికితే అదే వాడండి, రేకు పలకలో ఆ గరుకు రాదు. బలపాన్ని నిలువుగా పట్టుకుంటే కీచుమంటుంది, పడుకోబెట్టి గీస్తే ఇసుకలా వినబడుతుంది. పెన్నా ఇసుకని బాగా ఎండబెట్టి జల్లెడలోంచి స్టీలు తాంబాళంలోకి రాలిస్తే టైరు కింద కంకర నలిగినట్టుంటుంది, తడి ఇసుక అయితే ఏ చప్పుడూ రాదు, ఇది మాకు ప్రదర్శన రోజే తెలిసింది. ముందురోజు వాన పడింది, ఇసుకని పెనం మీద వేయించాల్సి వచ్చింది. జాన్ కేజ్ అనే అమెరికా సంగీతకర్త 1960లో అక్కడి టీవీలో నీళ్ళతొట్టి, కుక్కరు, రబ్బరు బాతు లాంటివి పెట్టుకుని ‘వాటర్ వాక్’ అనే మూడు నిమిషాల ముక్క చేశాడు. జనం నవ్వుతున్నా ఆయన స్టాప్‌వాచ్ చూసుకుంటూ ఒక్కో పనీ ఒక్కో క్షణానికి చేసుకుపోయాడు. ఆ వీడియో మీ బృందానికి తప్పకుండా చూపించండి. వస్తువు ఏదైనా ఫర్వాలేదు, చేసేవాడి శ్రద్ధే చూసేవాళ్ళని కూర్చోబెడుతుందని అందులో కళ్ళకు కడుతుంది.

రాసుకోవడానికి లెక్కల గళ్ళ నోటు పుస్తకం చాలు. ఒక గడి ఒక మాత్ర. అడ్డంగా నాలుగు వరసలు, పైన వాక్యం చెప్పే అమ్మాయి గొంతు, కింద స్పూన్లు, దాని కింద కండక్టరు, అట్టడుగున పలక, ఇసుక. దెబ్బకి నల్ల చుక్క, గీకుడికి అలగీత, ఊపిరికి చిన్న సున్నా. చూపు ఎటు తిప్పాలో, చెయ్యి ఎప్పుడు ఎత్తాలో అవి కూడా గళ్ళలోనే రాయండి, పక్కన మార్జిన్‌లో కాదు. మార్జిన్‌లో రాసినవి నటులు ఇష్టం వచ్చినప్పుడు చేస్తారు. చెయ్యి ఎత్తడం కూడా ఒక స్వరమే అని నమ్మితేనే ఇది సంగీత నాటకం అవుతుంది, లేకపోతే చప్పుళ్ళతో కూడిన మామూలు నాటకం.

మనుషులు ఆరుగురు చాలు, నలుగురు ఆడటానికి, ఒకరు దీపాలకి, ఒకరు నోటు పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చోవడానికి. ఆ ఎదురుగా కూర్చునే మనిషి ముఖ్యం. పాడేవాళ్ళకి తాము తప్పామని తెలియదు. మా బృందంలో ఆ పని ఇంటర్ చదివే అమ్మాయి చేసింది, "అన్నా, అయిదో వరసలో ఊపిరి లేదు, నువ్వు తీసుకుంటా ఉండావు" అని నన్ను రోజూ ఆపేది. తనదే ఒప్పు ప్రతిసారీ. రిహార్సల్ మూడు వారాలు, రోజుకి గంట. మొదటి వారం వస్తువులు ముట్టుకోకుండా చేత్తో తొడ మీద తాళం వేస్తూ వాక్యం చెప్పడమే. ఫోన్‌లో తాళం కొట్టే మెట్రోనోమ్ ఆప్ పెట్టుకోండి, నిదానంగా మొదలుపెట్టి కుదిరాక వేగం పెంచండి. వేగం పెరిగితే నాలుక తడబడుతుంది, ఆ తడబాటుతో పోరాడుతున్న గొంతులో పుట్టే ఉద్వేగాన్ని ఏ నటనా తేలేదు. అందుకే భావం పెట్టొద్దు, కళ్ళనీళ్ళు పెట్టొద్దు, మాత్ర తప్పకుండా చెప్పడం మీదే మనసు పెట్టమని పదిసార్లు చెప్పండి. పద్యనాటకాల నుంచి వచ్చినవాళ్ళకి ఇది పెద్ద టెన్షన్, రాగం తీయాలని గొంతు లాగుతుంది. వాళ్ళని కండక్టరు పాత్రకి పెట్టండి, ఆ పిలుపులో లాగుడు ఉంటుంది కాబట్టి వాళ్ళకీ తృప్తిగా ఉంటుంది, నాటకానికీ మంచిది.

చోటు విషయంలో నా సలహా, హాలు కోసం తిరగొద్దు. మాకు ఒక హాలు వాళ్ళు ముందు సరేనని, ఇది ఏం నాటకమో అర్థం కాలేదని రెండు రోజుల ముందు కాదన్నారు. అప్పటికి చాలా బాధపడ్డాం కానీ మిద్దె మీదే నయమైంది. నెల్లూరు పురమందిరం లాంటి పెద్ద హాల్లో గుసగుస మూడో వరస దాకా కూడా పోదు, మైకు పెడితే ఇసుకా ఊపిరీ రెండూ ఒకేలా వినబడతాయి. ముప్ఫై మందిని చాపల మీద మూడు వైపులా కూర్చోబెట్టండి, నాలుగో వైపు గోడ ఉండాలి, గొంతు తిరిగి వస్తుంది. మైపాడు బీచ్‌లో వేద్దామని కుర్రవాళ్ళు అంటారు, వద్దు, గాలి మొత్తం తినేస్తుంది. ఫ్యాన్లు ఆపేయండి, అందుకే ఎండాకాలం అయితే రాత్రి తొమ్మిది తర్వాత పెట్టుకోండి. దీపాలు రెండు బల్బులు చాలు. ఒకటి అమ్మాయి మొహం మీద, ఇంకోటి పలక పట్టుకున్న చేతుల మీద. ప్రొజెక్టర్ దొరికితే ఆ చేతుల్ని ఫోన్‌తో తీసి తెల్ల దుప్పటి మీద పెద్దగా చూపించవచ్చు. బలపం పొడి రాలడం అంత పెద్దగా కనబడితే పిల్లలు కూడా కదలరు.

ఆట మొదలయ్యే ముందు ఇది ఫలానా అని ఉపన్యాసం ఇవ్వొద్దు. పేరు చెప్పి, పావుగంట అని చెప్పి కూర్చోండి. జనం మొదట నవ్వుతారు, "బస్సు రాలా" దగ్గర తప్పకుండా నవ్వుతారు, ఆ నవ్వు మంచిదే, వాళ్ళు వింటున్నారని అర్థం. అయిదో వరసకి అదే ఆగుతుంది.

ఇంకొక సంగతి, ఒంగోలు వైపు మిత్రులు దీన్నే ఊరి పేరు మార్చి వేసుకుంటామన్నారు. సంతోషంగా వేసుకోండి, కానీ ఉదయగిరి తీసేసి కనిగిరి పెట్టగానే ఒక మాత్ర తగ్గుతుంది, ఉదయగిరికి అయిదు, కనిగిరికి నాలుగే. అప్పుడు నాలుగో వరస 15 అవుతుంది, దాని చివర కొత్తగా ఊపిరి వస్తుంది, అది బాగానే ఉంటుంది. చిక్కు అయిదో వరసలో, 24 అయి నాలుగుకి సరిగ్గా సరిపోయి నాయన మాట నున్నగా జారిపోతుంది, ఆ కొట్టుకోవడం పోతుంది. ఒక మాత్ర ఎక్కువ ఉన్న మాట వెతకాలి. అమ్మెక్కిన అన్నా తాతెక్కిన అన్నా ఇంకో మాత్ర తగ్గుతుంది. "మా అబ్బాయెక్కిన" అంటే పది మాత్రలు, వరస మళ్ళీ 25కి వస్తుంది, "నిన్న" చేరితే 28. అయితే ఎదురుచూసేది అప్పుడు కూతురు కాదు, తల్లి. ఆ గొంతుకి కాలేజీ అమ్మాయిని పెట్టొద్దు, యాభై దాటిన మనిషిని వెతకండి.